అడుగంటని ఇనుము

సన్నటి ఇనుప పొడిని నూనెలో కలిపి గాజు గ్లాసులో పోస్తే చూడటానికి ముదురు బూడిదరంగు పెయింటులా ఉంటుంది. గ్లాసు వంచితే జారుతుంది. ఇప్పుడో బలమైన అయస్కాంతాన్ని గ్లాసుకు ఆనించి చూడండి... జారడం ఆగిపోతుంది! గ్లాసును పక్కకు వాల్చినా ముద్ద కదలదు. పుల్ల గుచ్చితే నిటారుగా నిలబడుతుంది. అయస్కాంతాన్ని దూరం జరిపితే మళ్లీ మామూలు నూనే. ద్రవం ముద్దగా, ముద్ద ద్రవంగా మారడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు.

దీనిపేరు మాగ్నెటో రియాలజికల్ ద్రవం. నోరు తిరగనివాళ్లు ఎం.ఆర్. ద్రవం అంటారు. రియాలజీ అంటే పదార్థాలు ఎలా పారతాయో, ఎలా సాగుతాయో చెప్పే శాస్త్రం. ఇందులో కిటుకు చాలా సులువు. అయస్కాంత క్షేత్రం తగలగానే నూనెలోని ప్రతి ఇనుప రేణువూ ఓ బుల్లి అయస్కాంతంగా మారిపోతుంది. ఒకదాని ఉత్తర ధ్రువం ఇంకోదాని దక్షిణ ధ్రువాన్ని పట్టుకుంటుంది. చొక్కాలు పట్టుకుని రైలాట ఆడే పిల్లల్లా రేణువులన్నీ వరసలు కడతాయి. నూనె పారాలంటే ఆ వరసల్ని తెంచుకుంటూ వెళ్లాలి. క్షేత్రం ఎంత బలంగా ఉంటే వరస అంత గట్టిగా ఉంటుంది. తీగచుట్టలోకి పంపే కరెంటును పెంచి, తగ్గించి ద్రవాన్ని చిక్కగానో పలుచగానో మార్చుకోవచ్చన్నమాట.

ఇదంతా ప్రయోగశాలలో చూపించే తమాషా మాత్రమే అనుకుంటే పొరపాటు. 2002లో అమెరికాలో క్యాడిలాక్ సెవిల్ కారుకు డెల్ఫీ కంపెనీ ఈ ద్రవం నింపిన షాక్ అబ్జార్బర్లను అమర్చింది. గుంతలో చక్రం దిగేలోపే అవి గట్టిపడటమో మెత్తబడటమో జరుగుతుంది. 2006లో వచ్చిన ఫెరారీ 599 కారుకూ అవే వాడారు. చైనాలో డాంగ్‌టింగ్ సరస్సు మీది వంతెనను పట్టి ఉంచే తీగలు గాలీవానకు ఊగిపోతుంటే, 2002లో వాటికి 312 ఎం.ఆర్. డాంపర్లు బిగించారు. అంతకు ఏడాది ముందే టోక్యోలోని మిరాయికన్ సైన్స్ మ్యూజియం భవనంలో భూకంపాలను తట్టుకోవడానికి ఒక్కోటి 30 టన్నుల బలం చూపగల డాంపర్లు పెట్టారు. కాలు పోగొట్టుకున్నవారికి ఐస్‌లాండ్ కంపెనీ ఆసుర్ తయారుచేసిన రియో మోకాలిలో కూడా ఉన్నది ఈ ద్రవమే. మనిషి నడక వేగాన్నిబట్టి ఆ మోకాలు అడుగడుగుకీ తన బిగువు మార్చుకుంటుంది.

ఇన్ని పనులు చేసే ఈ ద్రవానికి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. కదపకుండా వదిలేస్తే ఇనుమంతా అడుగుకు చేరుతుంది!

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాకా వెళ్తే దారిపొడవునా ఇంజినీరింగ్ కాలేజీల బోర్డులు కనిపిస్తాయి. అటు మంగళ్‌పల్లి, ఇటు శేరిగూడ, ఇంకాస్త ముందుకెళ్తే ఖానాపూర్. పొద్దున పూట ఆ రోడ్డు మీద బస్సుల నిండా పుస్తకాల సంచులే. అలాంటి కాలేజీలో మెకానికల్ చదివే కుర్రాడెవరైనా చివరి ఏడాది ప్రాజెక్టుగా ఎం.ఆర్. ద్రవాన్ని ఎంచుకున్నాడనుకోండి. ఇనుప పొడి, సిలికోన్ నూనె, తీగచుట్ట, బ్యాటరీ ఉంటే చాలు, మధ్యాహ్నానికల్లా ద్రవం తయారు. సాయంత్రానికి మేష్టారి ముందు గట్టిపడటం కూడా చూపించొచ్చు. దసరా సెలవులకు ముందు సీసాలో పోసి అల్మరాలో పెట్టి, సెలవులయ్యాక తీసి చూస్తే కథ మారిపోతుంది. పైన తేట నూనె, అడుగున రాయిలాంటి గడ్డ. గరిట పెట్టి తిప్పినా గడ్డ కరగదు. ప్రాజెక్టులో అసలు భాగం అప్పుడే మొదలవుతుంది.

మడ్డి ఎందుకు పడుతుంది?

ఆవకాయ కలిపే ఇళ్లలో ఈ సంగతి అందరికీ తెలిసిందే. జాడీలో పెట్టిన మూడో రోజుకి నూనె పైకి తేలుతుంది, కారం, ఆవపిండి కిందికి దిగుతాయి. అడుగునుంచి తిరగకలపాల్సిందే. ఎం.ఆర్. ద్రవంలో ఇది ఇంకా తీవ్రం. ఎందుకంటే కారం, ఆవపిండి నూనెకంటే కొంచెమే బరువు. ఇనుము నూనెకు ఎనిమిదింతలు బరువు.

ఎంత వేగంగా దిగుతుందో లెక్క కట్టడానికి 1851లోనే జార్జ్ స్టోక్స్ ఓ సూత్రం చెప్పాడు. ఈ ద్రవాల్లో వాడే ఇనుప రేణువులు 1 నుంచి 10 మైక్రాన్ల మధ్య ఉంటాయి. వెంట్రుక మందంలో పదిహేనో వంతుండే 5 మైక్రాన్ల రేణువును తీసుకుందాం. నీటికంటే వంద రెట్లు చిక్కనైన నూనెలో అది సెకనుకు దాదాపు ఒక మైక్రాను చొప్పున దిగుతుంది. వినడానికి ఏమంత కాదు. కానీ గంటకు మూడున్నర మిల్లీమీటర్లు, రోజుకు ఎనిమిది సెంటీమీటర్లు! ఒంటరి రేణువు టీగ్లాసు లోతును ఒక్క రోజులో దాటేస్తుంది. చిక్కటి ద్రవంలో రేణువులు ఒకదానికొకటి అడ్డు పడతాయి కాబట్టి ఇంత వేగం ఉండదు గానీ, దిగడం మాత్రం ఆగదు.

రేణువును చిన్నది చేస్తే సరిపోదా? వ్యాసం సగానికి తగ్గిస్తే దిగే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది మరి. నిజమే. ఇంకా ఇంకా చిన్నదిగా చేసి 10 నానోమీటర్లకు తెస్తే అసలు మునగనే మునగదు. నూనె అణువుల తాకిడికే అది తేలియాడుతూ ఉంటుంది. 1963లో నాసాలో స్టీవ్ పాపెల్ చేసిన ఫెర్రోఫ్లూయిడ్ అలాంటిదే. బరువు తెలియని అంతరిక్షంలో రాకెట్ ఇంధనాన్ని అయస్కాంతంతో లాగడానికి దాన్ని తయారుచేశాడు. చిక్కేమిటంటే అంత చిన్న రేణువులు గట్టి వరసలు కట్టలేవు. ఫెర్రోఫ్లూయిడ్ అయస్కాంతం వైపు ముళ్లుముళ్లుగా లేస్తుందే తప్ప గట్టిపడి బరువు మోయదు. బలం కావాలంటే పెద్ద రేణువు కావాలి. పెద్ద రేణువు మునుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కుతుబ్‌షాహీల నాటిది. వరదతో వచ్చిన మట్టి దాని అడుగున ఒండ్రుగా పేరుకుంటే ఎండాకాలం రైతులు తవ్వి పొలాలకు తోలుకుంటారు. చెరువులో మడ్డి పొలానికి బలం. డాంపర్‌లో మడ్డి పడితే అది ఉన్నా లేనట్టే. అయస్కాంతం ఉండే సందులో ఇనుము లేని తేట నూనె మిగిలితే కరెంటు ఎంత పంపినా గట్టిపడటానికి ఏముంటుంది?

కారులో ఈ బాధ కొంత తక్కువ. రోజూ కుదుపులకు పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంటే ద్రవం తనంతట తానే తిరగకలుస్తుంది. భవనంలోని డాంపర్ సంగతి వేరు. 1990ల చివర్లో నోట్రడామ్ విశ్వవిద్యాలయమూ లార్డ్ కంపెనీ కలిసి 20 టన్నుల బలం చూపే డాంపర్ ఒకటి తయారుచేశాయి. పొడవు మీటరు, బరువు 250 కిలోలు. అందులో పట్టే ద్రవం 5 లీటర్లు. ఏ క్షణంలో చూసినా అయస్కాంత క్షేత్రంలో ఉండేది అందులో 90 ఘనసెంటీమీటర్లే, టీగ్లాసు కూడా నిండదు. ఇలాంటిది గోడలో ఏళ్ల తరబడి కదలకుండా కూచుని, భూకంపం వచ్చిన ఒక్క నిమిషంలో పనిచేయాలి. ఆ నిమిషంలో ఆ సందులో ఇనుము ఉందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. పై అంతస్తుల్లోని జనానికి ఈ మడ్డి గొడవ చిన్న విషయమేమీ కాదు.

చిటికెడు వేస్తే...

ఈ జబ్బు మొట్టమొదటి రోజే బయటపడింది. ఎం.ఆర్. ద్రవాన్ని కనిపెట్టినవాడు జాకబ్ రాబినోవ్. ఖార్కివ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజినీరు, జీవితకాలంలో రెండు వందలకు పైగా పేటెంట్లు పొందినవాడు. వాషింగ్టన్‌లోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేస్తూ 1948లో ఈ ద్రవంతో నడిచే క్లచ్‌ను లోకానికి చూపించాడు. ఆయన పాళ్లు వంటింటి కొలతల్లా ఉంటాయి. బరువులో తొమ్మిది వంతులు ఇనుప పొడి, ఒక వంతు నూనె. నూనె అంటే సిలికోన్ నూనె అయినా, పెట్రోలియం నూనె అయినా, చివరికి కిరోసిన్ అయినా సరే. ఇనుము మునిగిపోకుండా అవసరమైతే కాస్త గ్రీజు.

ఆ చివరి మాటలోనే ఉంది కిటుకంతా. ఇనుమూ నూనే ఎవరైనా కొనగలరు. తయారీదార్లు రహస్యంగా దాచుకునేది ఆ 'కాస్త'ను. దాన్నే సంకలితం అంటున్నారు. ఏది, ఎంత, ఏ వరసలో వేయాలి అన్నదాని మీదే డెబ్భై ఏళ్లకు పైగా పరిశోధన నడుస్తోంది.

సంకలితాల్లో మొదటి రకం రేణువుకు తొడుగు వేసేవి. ఒలీయిక్ ఆమ్లం ఇందులో పెద్ద పేరు. అదేదో విదేశీ సరుకనుకోకండి, మన వేరుశెనగ నూనెలోనూ దండిగా ఉండేదే. సబ్బుల్లో, కొవ్వొత్తుల్లో వాడే స్టియరిక్ ఆమ్లం దానికి అన్న. చాక్లెట్ కాగితం వెనకాల చిన్న అక్షరాల్లో కనిపించే లెసిథిన్ ఇంకొకటి. వీటి అణువు తోకకప్పలా ఉంటుంది. తల ఇనుము ఉపరితలాన్ని పట్టుకుంటుంది. తోక నూనెలోకి వేలాడుతుంది. ప్రతి రేణువు చుట్టూ ఇలా వెంట్రుకల టోపీ పెట్టినట్టవుతుంది కాబట్టి రెండు రేణువులు దగ్గరకొచ్చినా ఒకదానికొకటి అంటుకోవు.

ఇక్కడో మెలిక గమనించాలి. ఒలీయిక్ ఆమ్లం రేణువును బరువులో తేలిక చేయదు. అది మునుగుతూనే ఉంటుంది. అయితే అడుగుకు చేరాక గడ్డకట్టదు, గరిటతో రెండు తిప్పులు తిప్పితే విడిపోతుంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లకు మడ్డికంటే గడ్డే పెద్ద శత్రువు. దిగిన ఇనుము తేలిగ్గా తిరిగి కలిస్తే చాలు, సగం సమస్య తీరినట్టే. పైగా గుంపులు గుంపులుగా అంటుకున్న రేణువులు విడిపోవడంతో ద్రవం పలచబడి హాయిగా పారుతుంది.

రెండో రకం సంకలితాలు నూనెకే నడుం కడతాయి. వీటిలో ఫ్యూమ్డ్ సిలికా ముఖ్యం. దూదిపింజెలా తేలికైన తెల్లటి పొడి. ఒక్క గ్రాము తీసుకుని అందులోని రేణువులన్నిటి ఉపరితలాన్నీ విప్పి పరిస్తే 200 చదరపు మీటర్ల దాకా వస్తుంది. రంగారెడ్డి రైతు లెక్కలో చెప్పాలంటే దాదాపు రెండు గుంటల నేల, గ్రాము పొడిలో! ఈ రేణువులు నూనెలో ఒకదాని చేయి ఒకటి పట్టుకుని సాలెగూడు లాంటి వల అల్లుతాయి. ఇనుప రేణువులు ఆ వలలో చిక్కుకుని వేలాడతాయి. ద్రవాన్ని కదిలిస్తే వల తెగి పలుచనవుతుంది, వదిలేస్తే మళ్లీ అల్లుకుంటుంది. సీసాలో కదలని టమాటా సాస్ గట్టిగా కుదపగానే ఒక్కసారిగా ప్లేటులో పడటం చూసే ఉంటారు. అదే గుణం. దీన్ని థిక్సోట్రోపీ అంటారు. బంకమట్టి జాతికి చెందిన బెంటొనైట్‌దీ ఇదే తీరు. గోరుచిక్కుడు గింజల జిగురును, అదే గ్వార్ గమ్‌ను, ఇనుప రేణువులకు పూతగా వేసి చూసినవాళ్లూ ఉన్నారు.

మరి సిలికా ఇంకాస్త వేస్తే మడ్డి పూర్తిగా ఆగిపోతుందిగా? ఆగుతుంది. దానికి చెల్లించే మూల్యం మాత్రం పారుదలలో కనిపిస్తుంది. ఓ ఉదాహరణ చూద్దాం. ఒక డాంపర్ కరెంటు లేనప్పుడు 100 కిలోల బలంతో, కరెంటు ఇస్తే 1000 కిలోల బలంతో నిలదొక్కుకుంటుందనుకుందాం. తేడా పదింతలు. సంకలితం ఎక్కువై నూనె చిక్కబడితే కరెంటు లేనప్పటి బలం 200కు పెరుగుతుంది, ఉన్నప్పటిది మహా అయితే 1100 అవుతుంది. తేడా అయిదున్నర రెట్లకు పడిపోయింది. మెత్తగా ఉండాల్సినప్పుడు కూడా బిర్రబిగిసి కూచునే డాంపర్ కారులో ఎందుకు? దానికంటే మామూలు షాక్ అబ్జార్బరే నయం. ఉప్పు తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం అని వంటింట్లో అంటుంటారు. ఇక్కడా అంతే.

ఇంకో తంటా ఏమిటంటే రెండు రకాలనూ కలిపి వేస్తే అవి ఒక్కోసారి కొట్టుకుంటాయి. ఇనుముకు అంటుకోవాల్సిన తోకకప్ప అణువులు వెళ్లి సిలికా చేతుల్ని పట్టేసుకుంటాయి. చేతులు ఖాళీ లేని సిలికా వల అల్లదు. విడివిడిగా మేలు చేసే రెండూ కలిస్తే పనికిరాకుండా పోవచ్చన్నమాట. అందుకే ముందు ఏది కలపాలి, ఎంతసేపు తిప్పాలి అన్నవి కూడా పాళ్లంత ముఖ్యం. సాధారణంగా తొడుగు వేసేదాన్ని ముందు నూనెలోనో నేరుగా ఇనుముతోనో బాగా పట్టించి, వల అల్లేదాన్ని తర్వాత వేస్తారు.

ఎండలు మరో పరీక్ష. నూనె వేడెక్కితే పలుచనవుతుంది, ఇనుము ఇంకా వేగంగా దిగుతుంది. చలిలో చిక్కబడుతుంది. కార్లకు వాడే ద్రవం గడ్డకట్టే చలిలోనూ, వంద డిగ్రీలు దాటిన వేడిలోనూ ఒకేలా పనిచేయాలి. మన వేసవిలో మధ్యాహ్నం నడిరోడ్డున ఆగిన బండి పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు.

ఆముదం వాటా

రాబినోవ్ చెప్పిన గ్రీజు దగ్గరికి మళ్లీ వద్దాం. గ్రీజంటే చిక్కటి నూనె అనుకుంటారు చాలామంది. అది నూనె పీల్చుకున్న సబ్బు. సబ్బు పీచులు దట్టమైన జాలీలా అల్లుకుని మధ్యలో నూనెను పట్టి ఉంచుతాయి. ఒత్తిడి పడితే నూనె వదులుతుంది, ఒత్తిడి పోతే పట్టుకుంటుంది. ఇనుప రేణువులు ఆ పీచుల మధ్య ఇరుక్కుని వేలాడుతాయి.

ఇవాళ ప్రపంచంలో ఎక్కువగా వాడే గ్రీజు లిథియం గ్రీజు. లారీ చక్రాల బేరింగుల్లో, సైకిల్ షాపులో డబ్బాలో ఉండేది సాధారణంగా అదే. దాని సబ్బుకు మూలం హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం. అది వచ్చేది ఆముదం నుంచి! ఆముదంలో 85 నుంచి 90 శాతం దాకా రిసినోలియిక్ ఆమ్లం ఉంటుంది. వేరుశెనగ, నువ్వులు, కొబ్బరి... ఏ వంటనూనెలోనూ ఇది ఉండదు. దాని గొలుసులో పద్దెనిమిది కార్బన్లు ఉంటే, పన్నెండో కార్బన్ దగ్గర ఓ ఆక్సిజన్-హైడ్రోజన్ జంట వేలాడుతుంది. ఆ కొక్కెంతోనే పీచులు ఒకదాన్నొకటి పట్టుకుని జాలీ అల్లుతాయి. ఆముదానికి హైడ్రోజన్ పట్టిస్తే మైనంలాంటి ముద్ద వస్తుంది. పెయింటు కారిపోకుండా, అందులోని రంగుపొడి అడుగంటకుండా ఉండటానికి పెయింట్ల కంపెనీలు దాన్ని ఎప్పటినుంచో వాడుతున్నాయి. పెయింటుకు పనికొచ్చేది ఎం.ఆర్. ద్రవానికీ పనికొస్తుంది, రెండింటి జబ్బూ ఒకటే కదా.

ఇబ్రహీంపట్నం దాటి యాచారం, మాల్ మీదుగా దేవరకొండ వైపు వెళ్లే ఎర్రచెల్కలు ఒకప్పుడు ఆముదానికి పెట్టింది పేరు. నల్గొండ, పాలమూరు, రంగారెడ్డి మెట్టభూముల్లో వానమీద ఆధారపడ్డ రైతు నమ్ముకున్న పంట అది. పత్తి వచ్చాక చాలా చోట్ల ఆముదం వెనక్కి తగ్గింది. ప్రపంచానికి కావలసిన ఆముదంలో సింహభాగం మనదేశానిదే అయినా, అందులో అత్యధికం ఇప్పుడు గుజరాత్ పండిస్తోంది. ఆముదం మీద పరిశోధన మాత్రం ఇక్కడ ఆగలేదు. రాజేంద్రనగర్‌లోని భారతీయ నూనెగింజల పరిశోధనా సంస్థ, పాలెంలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రం కొత్త వంగడాల పనిలో ఉన్నాయి. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని ఎగతాళి చేస్తారు గానీ, గ్రీజుల లోకంలో అది నిజంగానే మహావృక్షం.

అసలు బండి ఇరుసుకు ఆముదం కందెన రాయడం మన పల్లెల్లో తాతల నాటి అలవాటు. చక్రం కిర్రుమనకుండా ఉండటానికి రాసేవాళ్లు.

వాడేకొద్దీ చిక్కబడే జబ్బు

మడ్డి గొడవ తీరిందనుకుంటే మరో సమస్య ఎదురుచూస్తూ ఉంటుంది. 1990లలో అమెరికాలో నార్త్ కరోలినాలోని లార్డ్ కంపెనీ ఈ ద్రవాలను వ్యాపారానికి తెచ్చినప్పుడు బయటపడింది ఇది. వ్యాయామ యంత్రాల బ్రేకుల్లో, లారీ డ్రైవర్ సీటు కింది డాంపర్లలో పోసిన ద్రవం కొత్తలో బ్రహ్మాండంగా పనిచేసేది. లక్షల సార్లు ఆడాక క్రమంగా చిక్కబడి చివరికి బూట్ పాలిష్‌లా ముద్దకట్టేది. ఇనుము మునిగిందేమో అనుకుంటే, అదీ కాదు.

ఆ కంపెనీ శాస్త్రవేత్త డేవిడ్ కార్ల్‌సన్ దీన్ని వివరించాడు. ప్రతి ఇనుప రేణువు మీదా పలుచటి ఆక్సైడ్ పొర, మన భాషలో తుప్పు పొర, ఉంటుంది. రేణువులు ఒరుసుకుంటున్నకొద్దీ ఆ పొర పెచ్చులూడి నానోమీటర్ల పొడిగా రాలుతుంది. సిలికా కథే ఇక్కడ మళ్లీ. అంత సన్నటి పొడికి ఉపరితలం విపరీతం, కొంచెం కలిసినా ద్రవం చిక్కబడుతుంది. ఎవరూ వేయని సంకలితం తనంతట తనే పుట్టుకొచ్చిందన్నమాట! దీనికి విరుగుడుగా ఇంజిన్ ఆయిల్‌లో వాడే అరుగుదల నిరోధకాలనూ, తుప్పును ఆపే ఆంటీఆక్సిడెంట్లనూ చేర్చారు. మంచి ద్రవం ప్రతి ఘనసెంటీమీటరుకూ కోటి జౌళ్ల శక్తిని వేడిగా మార్చేదాకా చెడిపోకుండా నిలుస్తుందని కార్ల్‌సన్ 2000ల మొదట్లో లెక్క చెప్పాడు. సీసాలో ఎన్నాళ్లు ఉంది అని కాకుండా ఎంత పని చేసింది అని ద్రవం వయసును కొలవడం అప్పటినుంచే అలవాటైంది.

ఇనుము ఎంపిక కూడా ఇందుకే ముఖ్యం. ఈ ద్రవాల్లో వాడేది కార్బొనైల్ ఇనుము. ఇనుమును కార్బన్ మోనాక్సైడ్‌తో కలిపి ద్రవరూపంలోకి తెచ్చి, వేడిచేసి విడగొడితే స్వచ్ఛమైన ఇనుము బూందీ గింజల్లా గుండ్రంగా రాలుతుంది. జర్మనీలో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ 1925 నుంచీ చేస్తున్న పని ఇది. గుండ్రటి రేణువు తక్కువ ఒరుసుకుంటుంది, అయస్కాంతం తీసేయగానే తన అయస్కాంతత్వాన్ని దాదాపుగా వదిలేస్తుంది. రంపపు పొట్టులాంటి గరుకు ఇనుప పొడి చవకే గానీ, గోడల్ని గీకేస్తుంది. ప్రాజెక్టు కుర్రాళ్లు చాలాసార్లు బోల్తాపడేది ఇక్కడే.

నీళ్లతో చేసే ఎం.ఆర్. ద్రవానిది మరో ముచ్చట. కెమెరా, టెలిస్కోప్ కటకాలకు మెరుగు పెట్టడానికి అది కావాలి. బెలారస్‌లోని మిన్‌స్క్‌లో విలియం కోర్డోన్‌స్కీ బృందం మొదలుపెట్టిన ఈ పద్ధతిని అమెరికాలోని రోచెస్టర్‌లో క్యూ.ఇ.డి. సంస్థ యంత్రంగా మార్చింది. ఘనపరిమాణంలో 36 శాతం ఇనుము, 55 శాతం నీళ్లు, 6 శాతం మెరుగు పెట్టే సీరియం ఆక్సైడ్. మిగిలిన 3 శాతం స్థిరంగా ఉంచే సంకలితాలు. ఆ మూడు శాతం లేకపోతే ఇనుము నీళ్లలో తుప్పు పట్టి పోతుంది. మనదేశంలో కాన్పూర్ ఐఐటీలో సునీల్ ఝా, వి.కె. జైన్ 2004లో ఇలాంటి ద్రవంలో రాపిడి పొడి కలిపి, లోహపు భాగాల లోపలి సందుల్ని నునుపు చేసే పద్ధతిని రూపొందించారు.

పరీక్షించడం ఎలా?

ద్రవం పారుదల కచ్చితంగా కొలవాలంటే రియోమీటర్ కావాలి. అయస్కాంత క్షేత్రంలో కొలిచే రకం లక్షల్లో ఖరీదు. ప్రతి కాలేజీలోనూ ఉండదు. మడ్డి సంగతి తేల్చడానికి మాత్రం గీతలున్న గాజు కొలజాడీ చాలు. ఒకే నూనె, ఒకే ఇనుము తీసుకుని, సంకలితం మాత్రం మార్చుతూ నాలుగు జాడీలు నింపాలి. ఒకదాంట్లో ఏమీ వేయకూడదు. కదలని బల్ల మీద పెట్టి రోజూ ఒకే వేళకు తేట నూనె ఎన్ని గీతలు దిగిందో రాసుకోవాలి. పైన తేట ఎంత తక్కువైతే ద్రవం అంత నిలకడైనది. నెల తర్వాత పుల్లతో అడుగు తడమాలి. పుల్ల మెత్తగా దిగితే ఒలీయిక్ ఆమ్లం తన పని చేసిందన్నమాట. ఠక్కుమంటే గడ్డ కట్టినట్టు.

తర్వాత అదే జాడీలోని ద్రవాన్ని బాగా కలిపి, ఏటవాలుగా పెట్టిన గాజు పలక మీద వదిలి ఎంత సేపట్లో జారుతుందో గడియారంతో చూస్తే పారుదల కూడా మోటుగా తెలుస్తుంది. మడ్డి బాగా ఆపిన జాడీ ద్రవమే పలక మీద అన్నిటికంటే నెమ్మదిగా జారే అవకాశం ఎక్కువ. ఆ రెండు కొలతల్నీ ఒకే గ్రాఫ్ కాగితం మీద గీసినప్పుడు, ఒకటి దిగుతూ మరొకటి ఎక్కుతూ కనిపించే గీతల మధ్య తాను ఎక్కడ ఆగాలో కుర్రాడు తేల్చుకోవాలి. కారుకు చేస్తున్నాడా, భవనానికి చేస్తున్నాడా అన్నదాన్నిబట్టి ఆ చోటు మారుతుంది. రోజూ ఊగే కారు డాంపర్‌కు కాస్త మడ్డి పడినా పలుచటి ద్రవమే మేలు. ఏళ్ల తరబడి కదలని భవనం డాంపర్‌కు కాస్త చిక్కగా ఉన్నా సరే, ఇనుము పైనే ఉండాలి.

కొత్త దారులూ ఉన్నాయి. పెద్ద రేణువుల మధ్య కొన్ని శాతం నానో ఇనుప రేణువులను కలిపితే అవి పెద్దవాటిని చుట్టుముట్టి దిగకుండా ఆపుతాయి. మోతాదు మించితే ద్రవం బలం తగ్గుతుంది. కొరియాలో ఇన్హా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యోంగ్ జిన్ చోయ్ బృందం ఇనుప రేణువుకు ప్లాస్టిక్ పూత వేసి మొత్తంగా బరువు తగ్గించింది. పూత మందమైతే అయస్కాంత బలం పలుచన. ఇబ్రహీంపట్నం కుర్రాడికి ఇవి ఎక్కడో దూరాన ఉన్న సంగతులు కావు. లోహపు పొడుల మీద దేశంలో పేరున్న ఎ.ఆర్.సి.ఐ. పరిశోధనా కేంద్రం అదే రంగారెడ్డి జిల్లాలోని బాలాపూర్‌లో ఉంది. ఆముదం మీద పనిచేసే రాజేంద్రనగర్ సంస్థ కూడా బస్సు దూరమే. కొలజాడీ, ఇనుప పొడి, సిలికోన్ నూనె, ఆముదపు గ్రీజు డబ్బా... మొదటి నెల ప్రయోగానికి అతడికి ఇంతకు మించి అక్కర్లేదు.